ముప్పై ఒక్క సంచులు

మా అవ్వ రేకుపెట్టెలో అన్నిటికంటే అడుగున ఒక ప్రోనోటు ఉండేది. ఇంటి పట్టా, ఆధార్ కార్డులు, మా మామ ఆస్పత్రి కాగితాలు తీస్తే కనపడేది. మడతల దగ్గర చిరిగిపోతే వెనకవైపు మైదా జిగురుతో ఇంకో కాగితం అంటించారు. రెవెన్యూ స్టాంపు మీద బొటనవేలి ముద్ర. దాని పక్కనే గుండ్రటి చేతిరాతలో 'యానాది పెంచిలిగాడి వేలిముద్ర' అని ఉంది. మేం యానాదులం, గిరిజనులం. మా తాత పేరు పెంచలయ్య. పెంచలకోన స్వామికి మొక్కుకుని పెట్టిన పేరు.

నోటులో మొత్తం 1,150 రూపాయలు. తేదీ 1977. కానీ అప్పు 1977 నాటిది కాదు. 1968లో పెళ్ళి ఖర్చుకని తాత తెచ్చుకున్నది 400. ప్రోనోటుకి మూడేళ్ళు దాటితే కాలదోషం పడుతుంది కాబట్టి, మూడేళ్ళకోసారి అప్పిచ్చిన ఆసామి కొత్త నోటు రాయించి తాత చేత వేలిముద్ర వేయించుకునేవాడు. 1977 నాటికి తాత తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో జీతానికి ఉన్నాడు. ఏడాదికి పన్నెండు తూముల వడ్లు, రెండు పంచెలు, ఒక దుప్పటి. ఒంట్లో బాగాలేక నాగా పెడితే వడ్లలో కోత. తొమ్మిదేళ్ళు పనిచేస్తే 400 కాస్తా 1,150 అయింది. అప్పుడే మా పెద్ద మామని కూడా పసులు కాయడానికి పెట్టారు. వాడికి ఎనిమిదేళ్ళు.

వెట్టి కూలీ పద్ధతిని రద్దు చేస్తూ 1975 అక్టోబరులో ఆర్డినెన్సు వచ్చింది. 1976లో అది చట్టమయింది. ఆ చట్టం ప్రకారం మనిషిని కట్టిపడేసిన అప్పు దానంతటదే చెల్లిపోయినట్టు. అంటే 1977లో మా తాత ఆ ఆఖరి వేలిముద్ర వేసేనాటికి ఆయనకి అప్పే లేదు. ఈ సంగతి నాకు ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో, చట్టం చదువుతుంటే అర్థమైంది. తాతకి 1980లో తెలిసింది. ఎవరో ఆఫీసరు ఊళ్ళోకి వచ్చి, అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాడట. సాంఘిక సంక్షేమ శాఖలో ఎస్.ఆర్. శంకరన్ గారి లాంటి అధికారులు వెట్టి చట్టాన్ని ఊళ్ళలోకి తీసుకెళ్ళాలని పట్టుబట్టిన కాలం అది. ఆ రోజే నోటు తిరిగి ఇప్పించారు. తాత చింపబోతే అవ్వ ఆపింది. "మళ్ళా ఎవురన్నా వచ్చి అడిగితే ఏం జూపిస్తాం?" అని పెట్టెలో దాచింది. నలభై ఏళ్ళకు పైగా అది అక్కడే ఉంది.

ఈ కాగితం దగ్గర మొదలుపెట్టి రెండేళ్ళ పాటు నేను ఒక ఇన్‌స్టలేషన్ (వస్తువులని ఒకచోట అమర్చి చూపించే కళ) చేశాను. అది ఎలా జరిగిందో, ఎక్కడ తప్పు చేశానో రాసి పెట్టాలనిపించింది.

నేను విశాఖలో బి.ఎఫ్.ఏ. (లలిత కళల డిగ్రీ) చదివాను. ఇప్పుడు నెల్లూరులో ఒక స్కూల్లో డ్రాయింగ్ చెప్తున్నాను. కాలేజీలో ఉన్నప్పుడు బానిసత్వం మీద వచ్చిన కళ అంటే నా కళ్ళ ముందుకొచ్చేవి అట్లాంటిక్ సముద్రం, ఓడలు, సంకెళ్ళు. మా కాలనీకీ దానికీ సంబంధం ఉందని తట్టలేదు. తట్టేలా చేసింది లుబైనా హిమిద్ చేసిన ఒక పని. ఆమె జాంజిబార్‌లో పుట్టి ఇంగ్లండులో పెరిగిన కళాకారిణి, 2017లో బ్రిటన్‌లో పేరున్న కళా బహుమతి టర్నర్ ప్రైజు వచ్చింది. 2004లో 'నేమింగ్ ద మనీ' అని ఒకటి చేసింది. మనిషంత ఎత్తున రంగులు వేసి కోసి నిలబెట్టిన 100 బొమ్మలు. యూరప్‌లో గొప్పవాళ్ళ ఇళ్ళలో పనికి పెట్టిన ఆఫ్రికా మనుషులు వాళ్ళు. ఒకరు డప్పు కొడతారు, ఒకరు చెప్పులు కుడతారు, ఒకరు కుక్కలకి తర్ఫీదు ఇస్తారు. ప్రతి బొమ్మకీ వీపు మీద ఒక చిట్టా. అందులో తన అసలు పేరు, యజమాని పెట్టిన పేరు, ఒకప్పుడు తను చేసిన పని, ఇప్పుడు చేయిస్తున్న పని, ఇంకా తనకంటూ మిగిలినది.

ఆ వివరం చదివినప్పుడు నాకు 'పెంచిలిగాడు' గుర్తొచ్చాడు. వెంటనే అవ్వకి ఫోన్ చేసి, తాతని ఆసామి ఇంట్లో ఏమని పిలిచేవాళ్ళని అడిగాను. "ఒరే అనే పిలిసేవాళ్ళు. పేరెందుకు?" అంది.

కానీ నేను మొదలుపెట్టింది పేరుతో కాదు, వేలిముద్రతో. చిన్న గ్రాంటు ఒకటి వచ్చింది. ప్రోనోటు స్కాన్ చేసి, ఆ వేలిముద్రని ఎనిమిది అడుగుల గుడ్డ మీదకి పెంచి గీశాను. రంగుకి బదులు రొయ్యల గుంటల అడుగు మట్టి వాడాను. ఎండితే బూడిద రంగులోకి వచ్చి, గీతలు పొలం గట్లలాగా కనపడేవి. మూడు వారాలు పట్టింది. చూసిన స్నేహితులందరూ బాగుందన్నారు. నాకూ బాగుందనే అనిపించింది. అవ్వకి చూపించాలని కాలనీకి తీసుకెళ్ళి అంగన్‌వాడీ గోడకి వేలాడదీశాను.

"ఎవురిదిమే ఈ ఏలు?"

"తాతదే అవ్వా."

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది: "ఆ ఏలు పట్టుకుని కాగితం మీద ఒత్తేటప్పుడు నేను ఆడే ఉండా. పెద్దోణ్ణి కూడా పంపియ్యమన్నది ఆ రోజే. మీ తాత ఏడస్తా వచ్చినాడు ఇంటికి. దాన్ని ఇంత జేసి గోడకి ఏస్తావా?"

గుడ్డ చుట్టేసి తెచ్చేశాను. దాన్ని ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు, చూపించను. చదువుకున్న మాకు వేలిముద్ర అంటే ఒక గుర్తు, ఒక డిజైన్. అవ్వకి అది చెయ్యి పట్టుకుని బలవంతంగా చేయించిన పని. బానిసత్వం గురించి బొమ్మ చేసేవాళ్ళు మొదట అడగాల్సింది, నేను గీస్తున్న ఈ గుర్తు ఎవరు పెట్టినది అని. నేను ఆసామి తీసుకున్న ముద్రనే తీసుకుని పెద్దది చేశాను. తాత ఇచ్చినది ఏదీ అందులో లేదు.

అప్పుడు పేర్ల దగ్గరికి వచ్చాను.

మా కాలనీ అల్లూరు వైపు, బకింగ్‌హాం కాలవకీ రొయ్యల గుంటలకీ మధ్య ఉంటుంది. అరవై ఇళ్ళు ఉంటాయేమో. సెలవు రోజుల్లో సాయంత్రం పూట వెళ్ళి పెద్దవాళ్ళ దగ్గర కూర్చునేదాన్ని. మొదటి నెలంతా వృథా అయింది, ఎందుకంటే నేను 'వెట్టి చాకిరి' అని అడుగుతున్నాను. ఆ మాట మా వాళ్ళెవరూ తమ గురించి వాడరు. 'జీతానికున్నాం' అంటారు, 'లెక్కలో ఉన్నాం' అంటారు, ఇప్పటివాళ్ళయితే 'అడ్వాన్సు తీసుకున్నాం' అంటారు. ఒక పెద్దాయన, "వెట్టి అంటే ఊరికే జేసేది కదమ్మా, మాకు గింజలిచ్చినారు" అన్నాడు. ఆ గింజలు ఎలా కొలిచేవాళ్ళో మాత్రం అరగంట చెప్పాడు. ఇచ్చే కుంచం వేరు, పుచ్చుకునే కుంచం వేరు. రెండూ చూడ్డానికి ఒకటేలా ఉంటాయి. ఒకదానికి అడుగున చెక్కబిళ్ళ ఉంటుంది. కరువు గింజలు అప్పిచ్చేటప్పుడు చెక్క ఉన్నది తీస్తారు, కళ్ళంలో జమ చేసుకునేటప్పుడు లేనిది తీస్తారు. చెయ్యి లోపల పెట్టి చూస్తే తెలుస్తుంది. చెయ్యి పెట్టే ధైర్యం ఎవరికుంది?

పేరు అడిగితే చాలామంది ఆసామి ఇంట్లో పిలిచిన పేరే చెప్పేవాళ్ళు. నల్లోడు, చెవిటోడు, పొట్టి, మస్తానీ. చివరికి ఒక ప్రశ్న పనిచేసింది. "మీ అమ్మ మిమ్మల్ని ఏమని పిలిచేది?" ఇది అడగ్గానే మనుషుల మొహాలే మారిపోయేవి. చెవిటోడనే ఆయన పేరు చెంచురామయ్య. నల్లోడి పేరు వెంకటరమణయ్య. ఇద్దరి పేర్లు మాత్రం ఎవరికీ గుర్తులేవు, వాళ్ళ సొంత తమ్ముళ్ళకి కూడా.

మా వాళ్ళ పేర్లు రాసిన చోట్లు రెండే అని అప్పుడు అర్థమైంది. ఒకటి ఆసామి చిట్టా. ఇంకొకటి అంతకంటే పాతది, పోలీసుల రిజిస్టరు. అవ్వ వాళ్ళ నాయన రాత్రిపూట హాజరు పలకాల్సి వచ్చేదట. కొన్ని జాతులని పుట్టుకతోనే నేరస్తులుగా చూసిన నేర జాతుల చట్టం కింద మద్రాసు ప్రెసిడెన్సీలో యానాదుల్లో కొంతమందిని కూడా రాసేశారు. ఏ నేరమూ చేయకపోయినా పేరు పిలిచినప్పుడు పలకాలి. ఆ చట్టం దేశమంతటా 1952లో పోయింది. అది పోవాలని జీవితమంతా తిరిగినవాళ్ళలో మా నెల్లూరు జిల్లా మనిషి వెన్నెలకంటి రాఘవయ్య గారు ఒకరు. మా కాలనీలో రెండు మూడు ఇళ్ళలో ఇప్పటికీ ఆయన పేరు పిల్లలకి పెట్టుకున్నారు.

పేర్లు ఎక్కడ రాయాలన్నది తర్వాతి సమస్య. కాన్వాసు మీద రాస్తే ఫలకంలా ఉంది, చెక్క మీద హిమిద్ పనికి నకలులా ఉంది. ఒకరోజు కోవూరు దారిలో రైస్ మిల్లు ముందు లారీ లోడు అవుతుంటే ఆగాను. గోనె సంచుల మీద మిల్లు మార్కు వేస్తున్నారు. రేకు స్టెన్సిల్ పెట్టడం, రంగులో ముంచిన గుడ్డతో అద్దడం, తీసెయ్యడం. ఒక సంచికి మూడు సెకన్లు. మా తాత జీవితమంతా మోసింది సంచులు. వాటి మీద ఎప్పుడూ వేరేవాళ్ళ పేరే.

పాత గోనెలు ఇరవై ఏడు కొన్నాను. లోపల వడ్లు నింపే డబ్బు నాకు లేదు. నెల్లూరులో వడ్లు ఇప్పటికీ పుట్టి లెక్కన అమ్ముతారు, పుట్టి అంటే 850 కిలోలు. ఊక నింపాను. తర్వాత ఆలోచిస్తే అదే సరైనదని తేలింది, గింజ ఆసామిది, ఊక మాది. మిల్లులో మార్కు వేసే అన్న నాకు రెండు ఆదివారాలు పని నేర్పించాడు, డబ్బులు తీసుకోలేదు.

తెలుగు అక్షరాలు స్టెన్సిల్‌కి లొంగవు. ఇది చేసి చూసినవాళ్ళకే తెలుస్తుంది. మన అక్షరాల్లో మూసుకుపోయిన గుండ్రాలు ఎక్కువ. కోస్తే లోపలి ముక్క రాలిపోయి అక్కడ రంగు ముద్ద పడుతుంది. అందుకని ప్రతి గుండ్రానికీ లోపలి ముక్కని పట్టుకునేలా సన్నటి వంతెన వదలాలి. నేను మొదట కోసింది తాత పేరే. సున్నాకి వంతెన వదలడం మర్చిపోయాను. లోపలిది ఊడి, సున్నా ఉండాల్సిన చోట ఒక నల్లటి మచ్చ. మా అమ్మ ఏడో తరగతి దాకా చదివింది. చూసి, "ఇదేందే, పెచలయ్య అని ఉంది" అంది. తాత పేరు ఇంకోసారి, ఈసారి నా చేత్తో, తప్పుగా పడింది. ఆ రేకు పక్కన పడేసి మళ్ళీ కోశాను. ఆ తర్వాత ఒక్క సంచి కూడా ఇంట్లోవాళ్ళ చేత చదివించుకోకుండా ఖాయం చేయలేదు.

ప్రతి సంచి మీద మూడు వరుసలు. పైన పెద్ద అక్షరాలతో అమ్మ పిలిచిన పేరు. కింద చిన్నగా ఆసామి పిలిచిన పేరు. మూడోది అప్పు, ఎన్నేళ్ళు. 'రూ. 400, 12 ఏళ్ళు.' 'రెండు బస్తాల వడ్లు, 7 ఏళ్ళు.' 'నాయన అప్పు, నేను పుట్టకముందుది, 9 ఏళ్ళు.' పేరు గుర్తులేని ఇద్దరికీ మొదటి వరుస ఖాళీగా వదిలాను.

కాలవ గురించి కూడా ఏదైనా చేయాలని మొదట అనుకున్నాను. 1876-78 ధాత కరువులో ఈ కాలవ పనుల్లో కరువు కూలీలని పెట్టారు. సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో నిర్ణయించిన కరువు కూలి మగమనిషికి రోజుకి ఒక పౌను గింజలు, ఒక అణా. పౌను అంటే అర కిలో కూడా కాదు. కానీ ఆ మనుషుల్లో ఒక్కరి పేరు కూడా నాకు దొరకలేదు. పేర్లు లేకుండా సంచులు పెడితే అవి అలంకారం అవుతాయి. వదిలేశాను.

ఈ పనంతా గతం గురించి అనుకుంటూ చేస్తున్నాను. పని మొదలుపెట్టిన పన్నెండో నెలలో నాకు పిన్ని వరసయ్యే ఒకామె, "మాకు సంచి లేదా?" అని అడిగింది. ఆమె, ఆమె భర్త ఒక రొయ్యల గుంట మీద కాపలా ఉంటారు. 60,000 అడ్వాన్సు. మేత చల్లాలి, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు చూసుకోవాలి, రాత్రిళ్ళు గట్టు మీదే ఉండాలి. జీతం మగమనిషికే లెక్క, పని ఇద్దరిదీ. చావుకి వెళ్ళాలన్నా ఇద్దరిలో ఒకరే వెళ్ళాలి. మా వైపు జామాయిల్ కొట్టే పనికి, ఇటుక బట్టీలకి, బాతులు మేపడానికి వెళ్ళేవాళ్ళ సంగతి కూడా ఇలాగే ఉంటుంది. నాకు తెలుసు. తెలిసి కూడా దాన్ని తాత ప్రోనోటు పక్కన పెట్టి చూడలేదు, అదే నాకు ఇప్పటికీ బాధ.

రోమువాల్డ్ హజూమే పని అప్పుడు మళ్ళీ చూశాను. ఆ కళాకారుడిది ఆఫ్రికాలోని బెనిన్. 'లా బూష్ దు రువా' అని 304 పెట్రోలు క్యాన్లని మొహాల్లాగా పేర్చి, బ్రూక్స్ అనే బానిసల ఓడ ఆకారంలో నేల మీద పరిచాడు. 2007లో బ్రిటిష్ మ్యూజియం తీసుకుంది. ఆ క్యాన్లు పాతకాలం వస్తువులు కావు. నైజీరియా నుంచి బెనిన్‌కి దొంగతనంగా పెట్రోలు మోసే ఈనాటి కుర్రాళ్ళవి. ఎక్కువ పెట్రోలు పట్టడానికి క్యాన్లని నిప్పు మీద వేడిచేసి ఉబ్బిస్తారు, పగిలేదాకా వాడతారు. రెండు వందల ఏళ్ళ నాటి ఓడ, ఇవాళ్టి క్యాను. గోనె సంచి దగ్గరే ఆగిపోతే నేను పనిని సగంలో వదిలేసినట్టే అని అర్థమైంది. రొయ్యల మేత వచ్చే ప్లాస్టిక్ సంచులు నాలుగు తెచ్చాను. కంపెనీ పేరు కనపడకుండా తిరగేసి కుట్టాను.

పిన్నికి చట్టం చెప్పాను. అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సిన భారం అప్పిచ్చినవాడిదే, తీసుకున్నవాళ్ళది కాదు. విడుదల పత్రం వస్తుంది. వెట్టి నుంచి విడుదలైనవాళ్ళ పునరావాసానికి పెట్టిన 2016 పథకం ప్రకారం మగవాళ్ళకి లక్ష, ఆడవాళ్ళకీ పిల్లలకీ 2 లక్షలు, మరీ దారుణమైన కేసుల్లో 3 లక్షలు. వెంటనే ఇచ్చే సాయం మాత్రం చిన్నది, మిగతాది కేసులో శిక్ష పడటంతో ముడిపడి ఉంటుంది. అంతా విని ఆమె, "కేసు తేలిందాకా మేం యాడ ఉండాల? బిడ్డ బడి ఎట్టా?" అంది. నా దగ్గర జవాబు లేదు. వెట్టి కేసులు చూసే ఒక లాయరు గారి నంబరు రాసిచ్చాను. కేసు పెట్టు అని ఒత్తిడి చేయలేదు. ఆమె గట్టు మీద పడుకునే మనిషి, నేను నెల్లూరులో తలుపు వేసుకుని పడుకునే మనిషిని. సంచి మీద పేరు రాయనా అంటే, "ఇప్పుడొద్దు. ఓనరు చూస్తే ఇంకేమన్నా ఉందా" అంది. మేత సంచులు నాలుగింటి మీదా పేరు లేదు.

మొదటి ప్రదర్శన కాలనీలోనే పెట్టాను. సంచులు అంగన్‌వాడీ ముందు వేపచెట్టు కింద, కళ్ళంలో నిలబెట్టినట్టు పెట్టాం. కళ గురించి ఎవరూ మాట్లాడలేదు. తమ సంచి ఎక్కడుందో వెతుక్కున్నారు. చెంచురామయ్య తాత ఆయన సంచి పక్కన స్టూలు వేసుకుని చీకటి పడేదాకా కూర్చున్నాడు. ఒకాయన, ఏడేళ్ళు కాదు ఎనిమిదేళ్ళు అని గొడవపెట్టుకుంటే అక్కడికక్కడే దిద్దాను. అవ్వ తాత సంచి మీద చెయ్యి వేసి, లోపల ఊక అని తెలిసి, "వొడ్లు పోసుండాల్సింది" అంది. మిగతా అందరి మాటల కంటే ఆ మాటే నాకు బాగా గుచ్చుకుంది. నా అర్థం నేను చెప్పాను, ఊక మాది అని. "మీ తాత తిన్నది అన్నమే గదా" అంది. నెల్లూరులో పెట్టేటప్పుడు తాత సంచిలో ఊక తీసేసి వడ్లు పోశాను. మా నెల్లూరు పాత వడ్లరకం మొలగొలుకులు దొరికితే బాగుండేది, దొరకలేదు.

నెల్లూరు ప్రదర్శన అయిదు రోజులు. అమెరికా కళాకారిణి కారా వాకర్ 2014లో బ్రూక్లిన్‌లో పాత చక్కెర ఫ్యాక్టరీలో పంచదారతో ఒక నల్లజాతి స్త్రీ స్ఫింక్స్‌ని చేసినప్పుడు, కొంతమంది దాని ముందు అసభ్యంగా ఫోటోలు దిగారని చదివాను. ఆ భయంతో ఫోటోలు వద్దని బోర్డు పెట్టాను. రెండో రోజు తీసేశాను, ఎందుకంటే మా కాలనీవాళ్ళే ఆటోలో వచ్చి తమ పేర్లతో ఫోటోలు దిగాలనుకున్నారు. వాళ్ళకి వద్దని ఎలా చెప్తాను?

ఎక్కువమంది అడిగింది ఆసాముల పేర్లు ఎందుకు పెట్టలేదని. ఆ పేర్లు శిలాఫలకాల మీద, సత్రాల మీద, బడుల మీద ఉన్నాయి. నా సంచుల మీద వాటికి చోటు లేదు.

తర్వాత సంచులన్నీ కాలనీకి తెచ్చేశాను. ఎవరిది వాళ్ళు తీసుకెళ్ళారు. అవ్వ తాత సంచిలో వడ్లు ఆడించి, నాలుగు రోజులు అందరికీ పెట్టింది. మేత సంచులు నాలుగూ, పేర్లు లేని రెండూ నా గదిలో ఉన్నాయి.

పోయిన నెల పిన్ని కూతురు వచ్చింది. ఆరో తరగతి చదువుతోంది. రూళ్ళ కాగితం మీద వాళ్ళమ్మ పూర్తి పేరు రాసి తెచ్చింది. "ఈ రొయ్యల పట్టుబడి అయినాక మేం గుంట మీద నుంచి వచ్చేస్తాం అంట. అప్పుడు ఎయ్యమనింది, ఇప్పుడు గాదు" అని చెప్పింది. ఏడు అక్షరాలు, రెండు సున్నాలు. రేకు కోసి పెట్టాను. రెండింటికీ వంతెనలు వదిలాను. రంగు ఇంకా కలపలేదు.